మొగలాయి నీళ్లు

ఈమధ్య దర్జీలు పంట్లాం కాళ్లు మరీ ఇరుకుగా కుడుతున్నారు. కొలతలు తీసుకునేటప్పుడు నేను చెప్పేదంతా వినయంగా వింటారు, టేపు మెడలో వేసుకుని తల ఊపుతారు, తరవాత తమకు తోచినట్టే కుడతారు. మా వీధి మొదట్లో ఉన్న దర్జీతో మొన్న ఇదే గొడవ. మోకాలి దాకా మడవడానికి వీలుగా ఉండాలయ్యా అన్నాను. "మడిచి ఏం చేస్తారండీ, ఊడ్పులకు గానీ వెళతారా?" అన్నాడు. ఊడ్పులకు వెళ్లను. పిక్కలు చూసుకుంటాను. ఆ మాట అతనితో అనలేదు. దర్జీకి కొలతలు చెబితే చాలు, కారణాలు చెప్పడం మొదలుపెడితే బట్ట చాలదు.

పిక్కలు చూసుకోవడం మొదటి ఉద్యోగంలో పట్టిన అలవాటు. ఆ ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది. అలవాటు మిగిలింది.

నేను బి.ఏ. ప్యాసయ్యే నాటికి మా గోదావరి కాలవ గట్ల మీద బి.ఏ.లు కొబ్బరికాయల కంటె కాస్త తక్కువగా ఉండేవారు. యుద్ధం ఇంకా మొదలుకాలేదు కాబట్టి వాళ్లను ఖర్చుపెట్టే మార్గం కూడా లేదు. అలాంటి రోజుల్లో మా మేనమామ ఎవరినో పట్టుకుని, వనపర్తి సంస్థానంలో ఒక బడికి ఇంగ్లీషు, లెక్కలు చెప్పే మాష్టరు కావాలన్న కబురు తెచ్చాడు. వనపర్తి అంటే నిజాం రాజ్యం. మావైపు ఆ రాజ్యాన్నంతటినీ కలిపి మొగలాయి అనేవారు. రంగూను వెళుతున్నానంటే ఇంట్లో అంత దిగులు పడేవారు కాదు. రంగూనులో మనవాళ్లున్నారు, స్టీమరు దిగగానే మినపట్లు దొరుకుతాయి. మొగలాయిలో ఎవరున్నారు?

అమ్మ పులుల గురించి హెచ్చరించింది. అమ్రాబాదు అడవుల్లో పులులు ఊళ్లోకొచ్చి మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తాయన్నంత వివరంగా ఆమెకెవరో చెప్పారు. బామ్మ మతం గురించి హెచ్చరించింది. మావయ్య పోలీసుల గురించి. నీళ్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు. మావాళ్లకు నీళ్లు ఎక్కువైతే ఊరు మునుగుతుందని తెలుసు గాని, నీళ్లతో ఇంకో రకం ఇబ్బంది ఉంటుందని తెలియదు.

సరిహద్దు స్టేషన్లో సుంకం వాళ్లు పెట్టె తెరిపించారు. పుస్తకాలు తిరగేసి, ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూసి, నా వంక మొదటిసారి గౌరవంగా చూసి పొమ్మన్నారు. అక్కణ్ణించి రూపాయి వేరు, భాష వేరు, చివరికి సంవత్సరం కూడా వేరు. వాళ్ల ఫసలీ లెక్క మన లెక్కకు దాదాపు ఆరు వందల ఏళ్లు వెనక. ఆ లెక్కన నేను పుట్టడానికి ఇంకా చాలా వ్యవధి ఉంది. భయపడటానికి మాత్రం అది అడ్డం కాలేదు.

వనపర్తి రోడ్డు అనే స్టేషనులో దిగాను. వనపర్తి అక్కడ లేదు, రోడ్డు మాత్రం ఉంది. బండి కట్టించుకుని బయల్దేరాను. జూన్ నెల, వాన జాడ లేదు. ఎటు చూసినా ఎర్రమన్ను, గుండ్రాళ్లు. నా కూజా స్టేషన్లోనే ఖాళీ అయింది. సగం దారిలో బండివాడు ఎద్దులకు నీళ్లు పెట్టడానికి ఆపాడు. రోడ్డు పక్కనే దిగుడుబావి.

మా వైపు చేదతో తోడుకునే బావులే గాని మెట్లు దిగి నీళ్లలోకి వెళ్లే బావి నేను చూడలేదు. కింది మెట్టు మీద ఇద్దరు రైతులు మోకాళ్ల దాకా నీళ్లలో కాళ్లు పెట్టుకుని కళ్లు మూసుకుని కూచున్నారు. ఎండన పడి వచ్చి సేద తీరుతున్నారనుకున్నాను. వాళ్ల పక్కనే వంగి దోసిళ్లతో కడుపు నిండా తాగాను. అంత చల్లటి నీళ్లు మా కాలవల్లో ఎన్నడూ తాగలేదు. కొత్త రాజ్యంతో మంచిగా ఉందామని, "నీళ్లు చాలా బాగున్నాయి" అన్నాను.

"మంచిగ తాగు పంతులూ" అన్నాడు అందులో ఒకాయన, కాళ్లు తియ్యకుండానే.

నాకు బస ఏర్పాటు చేసింది ఒక రైతు ఇంట్లో. ముందు వైపు గది నాది, భోజనం వాళ్లతోనే. నేను బండి దిగేటప్పటికి ఇంటాయన అరుగు మీద ఒక కాలు చాపి కూచున్నాడు. యాభై ఏళ్ల మనిషి, గట్టి ఒళ్లు. పిక్క మీద అగ్గిపుల్లంత పుల్ల ఒకటి గుడ్డపేలికతో కట్టి ఉంది. పుల్లకు తెల్లటి దారం చుట్టి ఉంది. దారం రెండో కొస కాలిలోకి వెళుతోంది.

కుశల ప్రశ్నలయ్యాక, చూడనట్టు ఉండటం చేతకాక, "ఆ దారమేమిటండీ?" అన్నాను.

"దారం గాదు పంతులూ. నారు."

"నారంటే?"

"పురుగు." తన ఎద్దు పేరు చెప్పినట్టు చెప్పాడు.

నేను అరుగు మీద కూచోబోయినవాణ్ణి నిలబడ్డాను. అది లోపలికెలా వెళ్లిందని అడిగాను.

"నీళ్లల్ల పోతది. కండ్లకు కానరాదు. కడుపులకెల్లి మెల్లగ నడుసుకుంట కాలుకొస్తది. ఏడాది వడ్తది. అప్పటిదాంక ఎవ్వరికి తెల్వదు."

"ఎవరికీ తెలియదా?"

"దానికి తెలుసు" అంది ఆయన భార్య లోపల్నించి.

"పట్టుకుని లాగెయ్యచ్చుగా?"

"గుంజితే తెగుతది. తెగితే లోపల మిగిలిందంత చీము వట్టి కాలు పోతది. మా తమ్మునికి గట్లనే అయింది. గిట్ల పుల్లకు జరంత జరంత చుట్టుకోవాలె, రోజింత." వేలిగోరు చివర చూపించాడు. "దానికి కోపం రాకుండ."

ఆవిడ చెంబుతో కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చింది. కాళ్లు కడుక్కోవచ్చునో కూడదో నాకు తెలియలేదు. ఆ చెంబెడు నీళ్లకూ నేను వెనకాడటం చూసి ఇంటాయన అడిగాడు, "తొవ్వల ఏడన్న నీళ్లు తాగినరా?"

దిగుడుబావి సంగతి చెప్పాను. ఇద్దరు మనుషులు కాళ్లు చల్లార్చుకుంటున్నారని కూడా చెప్పాను. ఇంటాయనా ఆయన భార్యా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నారు లేస్తే కాలు మండుతది" అన్నాడాయన. "నీళ్లల్ల వెడితే సల్లగుంటది. అందుకే గూసుంటరు."

తరవాత ఆయన నన్ను ఊరడించాడు. "పరేషాన్ గాకుండ్రి. తాగినోళ్లందరికి లేవదు. వచ్చే యేడు గిదే నెలల తెలుస్తది తియ్."

ఆ పూట అన్నం సహించలేదు. పులి అయితే ఎదురొస్తుంది, పోలీసు అయితే పిలుస్తాడు. ఇది అప్పటికే నా లోపల ఉండి, నేను తిన్నది తింటూ, తీరిగ్గా కాలివైపు బయల్దేరి ఉండవచ్చు. ఉండకపోవచ్చు కూడా. ఈ రెండో మాటను నేను ఏడాది పాటు రోజూ అనుకున్నాను, ఒక్కసారీ నమ్మలేదు.

మర్నాటి నుంచి నీళ్లు కాచించాను. కాచిన నీళ్లను నాలుగు మడతల పంచెతో వడగట్టాను. నా కుండ వేరు, నా గ్లాసు వేరు. బడికి నా నీళ్లు నేనే మోసుకుపోయేవాణ్ణి. ఇంటావిడ పొయ్యి దగ్గర కూచుని నా తంతు చూసేది.

"నీళ్లకు పంచె గట్టినవ్. ఇగ అంగీ గూడ తొడుగు పంతులూ, సలి వెడ్తదేమో."

బడిలో పాఠాలన్నీ ఉర్దూలో. ఇంగ్లీషు ఇంగ్లీషులోనే చెప్పవచ్చు, లెక్కలు బోర్డు మీద గీసి చూపవచ్చు గనక నేను బతికిపోయాను. హెడ్మాస్టరుది నాగర్‌కర్నూలు. నడివయసు ముస్లిం పెద్దమనిషి, హైదరాబాదులో చదువుకున్నవాడు. ఆయన్ను అందరూ సదర్ సాబ్ అనేవారు. ఉర్దూ ఎంత నాజూగ్గా మాట్లాడేవాడో తెలుగు అంత మోటుగా, ఇంటి మనిషిలా మాట్లాడేవాడు. మొదటి రోజు హాజరు పిలిస్తే సగం పేర్లకు జవాబు లేదు. "నారు లేచింది సార్" అని పక్కవాళ్లు చెబుతున్నారు, పెళ్లికి పోయాడు సార్ అన్నంత తేలిగ్గా. వచ్చినవాళ్లలో ఒకడు కుంటుకుంటూ లేచి నిలబడ్డాడు. మడమ దగ్గర పుల్ల. నేను బోర్డు మీద సమాంతర రేఖలు గీస్తున్నాను. చేతిలో సుద్దముక్క, బోర్డు మీద సన్నటి తెల్లగీత. ఆ గీత పూర్తి చెయ్యడానికి నాకు చాలాసేపు పట్టింది.

మనిషి ఒళ్లు ఇంత తరచుగా దురద పెడుతుందని నాకు అంతకుముందు తెలియదు. దోమ కుట్టినా, చెమటపొక్కు లేచినా, బల్ల కోడు తగిలి గీరుకుపోయినా తలుపు వేసుకుని పంచె ఎత్తి చూసుకునేవాణ్ణి. ఇంటికి రాసే ఉత్తరాల్లో ఇక్కడ వాతావరణం పొడిగా ఉందని రాసేవాణ్ణి.

దసరా సెలవుల్లో గద్వాల వెళ్లాను. అక్కడ దవాఖానాలో డాక్టరు మద్రాసులో చదివినవాడనీ, ఇంగ్లీషు మందులు వాడతాడనీ విన్నాను. రైలు కృష్ణ వంతెన దాటుతుంటే పెట్టెలో వాళ్లంతా చిల్లర డబ్బులు విసిరి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. దండం పెట్టిన చేతులు విడదీస్తూ కూడా ఆ నీళ్లలో పురుగు ఉంటుందా ఉండదా అనే ఆలోచించాను.

డాక్టరు నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"బయటికొచ్చాక రండి" అన్నాడు.

"వస్తే కోసి తీసేస్తారా?"

"కోస్తే తెగుతుంది. మీ వైపు డాక్టర్లయితే కోస్తారు, వాళ్లు దీన్ని చూసి ఉండరు. ఇక్కడ పుల్లే."

"లోపలుండగానే చంపే మందు..."

"ఉంటే మొదట నేనే వేసుకునేవాణ్ణి" అని, నన్ను సాగనంపడానికి కుర్చీలోంచి లేచాడు. గుమ్మం దాకా కుంటుకుంటూ వచ్చాడు. ఏమైందని నేను అడగలేదు.

ఇంత భయంలోనూ నాకొక ఆధారం ఉండేది. తాగింది ఒక్కసారి. ఆ తరవాత కాచి వడగట్టనిది గొంతు దిగలేదు. కాబట్టి మళ్లీ జూన్ వచ్చి వెళ్లిపోతే నేను విముక్తుణ్ణి. ఈ లెక్క నాకెంతో ధైర్యాన్నిచ్చేది. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, ఇంటావిడ ఇచ్చిన మజ్జిగ చెంబుతో అరుగు మీద కూచుని ఈ లెక్కను ఇంటాయనకు వివరంగా చెప్పాను. లెక్కల మాష్టర్ని కదా. ఆయన మెచ్చుకోలుగా తల ఊపుతున్నాడు. ఇంటావిడ గుమ్మంలో చేటతో జొన్నలు చెరుగుతోంది.

"ఒక్కనాడే తాగినవా పంతులూ?" అంది.

"ఒక్కనాడే."

"మరి రోజు రెండు చెంబులు తాగుతవ్ గదా సల్ల. సల్లల నేనేం వోస్తననుకున్నవ్?"

చేతిలో చెంబు ఉంది. కిందికి చూశాను. ఖాళీగా ఉంది. మజ్జిగ గేదె దగ్గరే మజ్జిగగా తయారై వస్తుందని నేను అనుకోలేదు. అసలేమీ అనుకోలేదు. కాలేజీలో పరిశుభ్రత గురించి ఒక పుస్తకమే చదివాను. అందులో నీళ్ల గురించి పెద్ద అధ్యాయం ఉంది, మజ్జిగ ఊసు లేదు.

"చెప్పొచ్చుగా" అన్నాను.

"నువ్వడిగితే గద. తాగినప్పుడల్ల మంచిగుందంటివి, నాకు గూడ సంతోషమాయె."

"ఊకోయే" అని ఇంటాయన భార్యను గదమాయించి, నవ్వు ఆపుకోవడానికి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

అప్పటి నుంచి నా భయానికి గడువు లేకుండా పోయింది. ఒక పురుగు గురించి భయపడుతున్నవాణ్ణి, అవి ఎన్నో, ఎప్పుడు బయల్దేరాయో, ఏ కాలికి వస్తున్నాయో తెలియని స్థితికి వచ్చాను. మజ్జిగ మానేశాను. ఆ ఎండల్లో మజ్జిగ మానేసినవాణ్ణి ఊరంతా జాలిగా చూసింది.

వేసవి సెలవులు మొదలవడానికి ఇక రెండు మూడు రోజులున్నాయనగా మావయ్య దిగాడు. చెప్పా పెట్టకుండా, చేతిసంచీతో, మొహం వెలిగిపోతూ వచ్చాడు. మా ఊరికి దగ్గర్లోనే హైస్కూల్లో ఇంగ్లీషు మాష్టరు ఖాళీ వచ్చిందట. మావయ్య కాళ్లావేళ్లా పడి నాకు ఖాయం చేయించాడట. సెలవులకు వెళ్లినవాణ్ణి ఇక మళ్లీ ఇటు రానక్కర్లేదు. ఏడాదిగా రోజూ మొక్కుకున్న మాట అది. మావయ్య అప్పుడే నా పెట్టె ముందుకు లాగి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"ఏరా, మొహం అలా పెట్టావేం?" అన్నాడు.

"కాలు మావయ్యా."

"కాలికేమయింది?"

"ఏం కాలేదు. ఇంకా."

మొత్తం చెప్పాను. మావయ్య మడతపెడుతున్న చొక్కాతో అలాగే నిలబడి విన్నాడు. చివరికి "ఓస్, ఇంతేనా. అక్కడ మనకి పెద్దాసుపత్రి ఉంది. వస్తే కోసి అవతల పారేస్తారు" అన్నాడు.

నా భయమంతా సరిగ్గా అదే. ఇక్కడ ఉంటే పురుగు వచ్చినా దాన్ని తీసే చేతులు వీధి వీధికీ ఉన్నాయి. కాని ఇక్కడ ఉంటే మళ్లీ ఈ నీళ్లే తాగాలి. అక్కడికి పోతే మంచి నీళ్లున్నాయి. కాని అప్పటికే లోపలున్నది అక్కడ బయటికొస్తే, దాన్ని ఎన్నడూ చూడని డాక్టరు నా కాలి మీద మొదటిసారి చూస్తాడు. ఇంటాయన తమ్ముడు చంకకర్రతో నడవడం నేను చూశాను. కర్ర చప్పుడు ముందు వినిపించి తరవాత మనిషి వచ్చేవాడు.

ఇంటాయన్ను అడిగాను. "ఈడ్నే ఉండుండ్రి. వస్తే మేం జూసుకుంటం" అన్నాడు.

"ఉంటే మళ్లీ వస్తుందేమో కదండీ."

"వస్తే రానీ. మళ్ల జూసుకుంటం."

మావయ్య నన్ను పక్కకు లాగి, "వీళ్లు మంచివాళ్లేరా. అందుకే తొందరగా బయల్దేరదాం పద" అన్నాడు. మర్నాడు ఉదయం రైలుకు బండి మాట్లాడేశాడు.

సాయంత్రం సదర్ సాబ్‌కు చెప్పి రావడానికి మావయ్యను వెంటబెట్టుకుని వెళ్లాను. రాజీనామా ఇవ్వడానికో, సెలవుకు మాత్రమే పోతున్నానని చెప్పడానికో నాకింకా తెలియదు. ఆయన ఇంటి వసారాలో పడక్కుర్చీలో ఉన్నాడు. ఎడమ కాలు ముక్కాలిపీట మీద. చీలమండ పైన గుడ్డకట్టు, కట్టులో పుల్ల.

"నిన్ననే తలకాయ జూపెట్టింది" అన్నాడు. "కూసోండ్రి. చాయ్ తాగుతరా? ఉడికిన నీళ్లే సారూ, బుగులువడకుండ్రి."

మావయ్య కుర్చీని వసారా అంచుకు జరుపుకుని, వీధి వైపు తిరిగి కూచున్నాడు. నేను వచ్చిన సంగతి చెప్పాను. ఖాళీ వచ్చిన ఉద్యోగం, పెద్దాసుపత్రి, గద్వాల డాక్టరు మాట అన్నీ చెప్పాను. ఆయన నవ్వలేదు. గడ్డం గోక్కుని ఆలోచించాడు.

"మీ దిక్కు దీన్ని తీసుడు ఎవ్వరికి రాదంటరు."

"రాదండీ."

"అయితే మీరే నేర్చుకుని పోండ్రి. ఒస్తే మీది మీరే తీసుకుంటరు. గింతదానికి ఆడ దొరికిన నౌకరి ఎందుకు ఇడిసిపెట్టుడు?" కాలు నా వైపు జరిపాడు. "ఇయాలటిది ఇంక చుట్టలేదు. పట్టుండ్రి."

నేను వద్దన్నాననుకుంటాను. ఆయన వినలేదు. చెంబుతో గోరువెచ్చటి నీళ్లు తెప్పించాడు. నేను కింద కూచుని ఆయన చెప్పినట్టు కట్టు విప్పాను. పుండు చిన్నదే. పావలా బిళ్లలో సగం కూడా లేదు. మధ్యలోంచి తెల్లటి నరంలాంటిది బయటికి వచ్చి పుల్ల చుట్టూ రెండు చుట్లు తిరిగి ఉంది.

"మొదలు నీళ్లు వొయ్యిండ్రి. దానికి నీళ్లంటే ఇష్టం. బిగువు ఇడుస్తది."

పోశాను. పాలవిరుగుడు లాంటిదేదో కొంచెం కారింది. వీధి వైపు నుంచి మావయ్య "అయిందా?" అన్నాడు, ఇటు తిరక్కుండా.

"ఇప్పుడు పుల్లను రెండేళ్లతోటి పట్టి మెల్లగ తిప్పుండ్రి. అది వస్తనంటెనే వస్తది. రానంటే ఆగాలె. వస్తుందా?"

"వస్తోందండీ."

వస్తోంది. వెంట్రుకంత మేర, తరవాత ఇంకో వెంట్రుకంత. చల్లగా, తడిగా ఉంది. నా వేళ్లలో దాని పట్టు తెలుస్తోంది. అటువైపు ఎవరో నెమ్మదిగా పట్టుకుని ఉన్నట్టుంది. అది బతికి ఉందన్న సంగతి అంతవరకూ మాటగానే తెలుసు. నుదుటి చెమట కంట్లోకి దిగింది. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ఆయన కాలు కాదు, నా కాలే అక్కడ ముక్కాలిపీట మీద ఉందనీ, పక్కన పడక్కుర్చీలో ఎవరూ లేరనీ అనిపించింది.

పుల్ల ఇంకొంచెం తిప్పాను. దారం బిగిసింది. పుండు అంచు పైకి లేచింది. సదర్ సాబ్ ఊపిరి బిగబట్టాడు. వంగి, తన చెయ్యి నా చేతి మీద పెట్టి పుల్ల కదలకుండా పట్టుకున్నాడు. అలా కాసేపు ఇద్దరం ఆ పుల్లను పట్టుకునే ఉన్నాం. తరవాత ఆయన నా వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, పుల్లను తన చేతిలోకి తీసుకుని, పావు చుట్టు వెనక్కి వదిలి, గుడ్డ కట్టుకున్నాడు.

లోపల్నించి చాయ్ వచ్చింది. మావయ్య కుర్చీ ఇటు తిప్పుకుని, కట్టు కట్టేశారని రూఢి చేసుకుని, ఉత్సాహంగా అడిగాడు.

"ఏమండీ, నేర్చుకున్నట్టేనా మావాడు? రేపు ఉదయం రైలుకు బయల్దేరచ్చా?"

సదర్ సాబ్ కప్పు అందుకున్నాడు. నా చేతిలో సాసరు మీద కప్పు చప్పుడు చేస్తుంటే అటు చూశాడు.

"మీ చెయ్యి వణుకుతున్నది సారూ" అన్నాడు నాతో. "తెంపుకుంటరు మీరు."